దీపం పడినంత మేర

పెరటి వంటకు గోడలుండవు. పగలు ఆ సంగతి ఎవరూ పట్టించుకోరు. కొబ్బరిచెట్లు, దడి, పాత బావి, అవతల పొరుగువాళ్ల పశువుల పాక, చూపు ఎంత దూరం పోతే అంతా వంటిల్లే. పొద్దు వాలాక ఒక దీపం వెలిగించగానే గది పుడుతుంది. ఆ వెలుగు పడినంత మేర లోపల, పడనిచోటల్లా బయట. గోడలు కట్టే పని ఇక్కడ మేస్త్రీ చేతిలో లేదు, దీపం పెట్టేవాడి చేతిలో ఉంది. మిగతా సగం, ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చేవాడి చేతిలో ఉంది.

ఈ రెండూ కుదిరిన పెరడు నాకు తెలిసి ఒక్కటే. కోనసీమలో మా పిన్నివాళ్లది. దానికి ఆర్కిటెక్టు ఎవరూ లేరు. పిన్ని పట్టుదల, బాబాయి ఓపిక, ఒక ఎలక్ట్రీషియన్ కుర్రాడి విసుగు కలిసి కట్టాయి. అక్కడ అరుగెక్కి కూర్చున్న ప్రతిసారీ, ఒక మంచి నాటకంలో రంగాలంకరణ చేసినవాడి తెలివికి తల ఊపినట్టే ఊపుతాను.

ముందు దిక్కులు చెప్పాలి, ఈ పెరటి రసమంతా దిక్కుల్లోనే ఉంది. ఇల్లు పడమటి ముఖం, పెరడు తూర్పున. సాయంత్రం నాలుగింటికల్లా ఇంటి నీడ పెరటిని కమ్ముకుంటుంది, వాలుపొద్దు ఎవరి కళ్లలోనూ పొడవదు. వెనక అరుగు ఇంటి పొడుగునా ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. వరద తెలిసిన ఊరు కనక పునాది ఎత్తు, అరుగు నేలమీంచి రెండడుగులుంటుంది. దానికి ఎదురుగా, కాస్త దక్షిణానికి ఒదిగి, తొమ్మిదడుగుల ఎడంలో వంటగట్టు. నాలుగు స్తంభాల మీద పెంకుల కప్పు, ఒక్క గోడా లేదు. గట్టు తూర్పు పడమరలుగా ఉంటుంది. మీద కడప బండ, ఒక ఇటుకల పొయ్యి, దాని కింద కొబ్బరి డొక్కలూ మట్టలూ, పక్కన గ్యాసు పొయ్యి.

పిన్ని ఉత్తరం వైపు తిరిగి వండుతుంది. పెద్దవాళ్లు తూర్పు ముఖంగా వండమంటారు. పిన్ని గాలి ముఖం చూసుకుంది. వేసవి సాయంత్రాల పైరగాలి దక్షిణం నుంచి వస్తుంది. అది ఆమె వీపుకు తగిలి, పొగను పొయ్యి మీంచి ఉత్తరానికి తోసుకుపోతుంది. అరుగు మీద కూర్చున్నవాళ్ల ముందు నుంచి పొగ అడ్డంగా సాగిపోతుంది తప్ప ఎవరి ముక్కులోకీ రాదు. వాసన మాత్రం వస్తుంది, అదెలాగో నాకింకా అంతుపట్టలేదు.

ఇందువల్ల ఇంకో మేలు జరిగింది. పిన్ని మనకు పక్కవాటుగా కనపడుతుంది. ఈమధ్య నగరాల్లో కట్టే మేడమీది వంటగట్లలో వండేవాళ్లను అతిథులకు ఎదురుగా నిలబెడుతున్నారు. ఎదురుగా ఉన్న మనిషి మనల్ని చూడాలి, నవ్వాలి, అడిగినదానికల్లా బదులు చెప్పాలి. ఆ హడావిడిలో పోపు మాడుతుంది. ఇక గోడవైపు తిరిగి వండే మామూలు వంటింట్లో మనకు మిగిలేది వీపే. పక్కవాటులో వండే మనిషికి తన ఏకాంతం తనకుంటుంది, చూసేవాళ్లకు చెయ్యి, గరిటె, గిన్నె మూతి మూడూ ఒకే వరసలో కనపడతాయి. గరిటె ఎత్తి పులుసు జారవిడిచి చిక్కదనం చూసే క్షణం పక్క నుంచి చూస్తేనే అందం. జారే ధార సన్నబడి, చివర తెగి, చుక్కగా ఆగుతుందే, అది ఎదురు నుంచి కనపడదు.

మసక పడే వేళ గట్టు మీద ఒక పళ్లెం ఉంటుంది. ఎండుమిర్చి, కరివేపాకు, ఉల్లిపాయ ముక్కలు, ఇంత చింతపండు. దీపం పెట్టకముందు ఆ పళ్లేన్ని ఒక పావుగంట అలా చూస్తూ ఉండండి. మొదట మిరపకాయల ఎరుపు పోతుంది. కరివేపాకు ఇంకా ఆకుపచ్చగానే, ఆ మాటకొస్తే ముందుకన్నా కాస్త వెలుగ్గానే ఉంటుంది. పక్కనే మిర్చి నల్లబడి చింతపండులో కలిసిపోతుంది. 19వ శతాబ్దం తొలి పాదంలో చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే ఇదే సంగతి తోటలో పూలను చూస్తూ గమనించాడు. వెలుగు తగ్గేకొద్దీ మన కన్ను పగటి పద్ధతి నుంచి రాత్రి పద్ధతికి మారుతుంది, ఆ మార్పులో ముందు బలయ్యేది ఎరుపు. తెలుగువాడి వంటలో ఎరుపు పోతే ఇంకేం మిగిలింది? ఉల్లిపాయ ఎర్రగా వేగిందా, నూనె తేలిందా, కారం పచ్చివాసన పోయి రంగు తిరిగిందా, అన్నీ ఎరుపుతో పడే తేడాలే. పిన్నికి పుర్కిన్యే పేరు తెలియదు, కానీ మిరపకాయ నల్లబడగానే స్విచ్చి మీదికి చెయ్యి పోతుంది.

ఇక దీపాలు. నన్నడిగితే ఈ పెరటి కళంతా రెండు దీపాల మధ్య ఒప్పందంలో ఉంది.

ఒకటి పడమట, అరుగు చూరు దూలానికి, ఎనిమిదడుగుల ఎత్తున ఉంటుంది. దాని వెలుగు కూర్చున్నవాళ్ల తలల వెనక నుంచి వెళ్లి గిన్నె లోపల పడుతుంది. పిన్నికి అది ఎడమచేతి వైపు. గరిటె తిప్పేది కుడిచెయ్యి కనక చేతి నీడ గిన్నెలో పడదు. ఆరుబయట వంట పెట్టేవాళ్లు చేసే మొదటి పొరపాటు, వండేవాళ్ల నడినెత్తినో వీపు వెనకో పెద్ద లైటు బిగించడం. అప్పుడు వండే మనిషి తన నీడలో తనే వండుకోవాలి. తల ఎటు వంచితే నీడ అటు వస్తుంది.

రెండో దీపం తూర్పున, గట్టు చివర, బండ మట్టానికే ఉంటుంది. దాని ముందు ఒక గూనపెంకును ఏటవాలుగా ఆనించారు. బల్బు ఎవరికీ కనపడదు. వెలుగు పెంకు అంచు మీంచి పైకి చిమ్ముతుంది, గిన్నె మీద లేచే ఆవిరిలోంచి. ఈ దీపం వంటకు అక్కర్లేదు. ఇది చూసేవాళ్ల కోసం పెట్టింది. పిన్ని మాత్రం ఒప్పుకోదు, గట్టు చివర ఉప్పు జాడీ కనపడడానికి పెట్టించానంటుంది.

ఆవిరి అంటే సన్నని నీటి తుంపరలు. వాటి మీద పడిన వెలుగులో ఎక్కువ భాగం వచ్చిన దారినే ముందుకు చెదురుతుంది, వెనక్కి తిరిగేది తక్కువ. అందుకని మన వెనక నుంచి దీపం పడితే ఆవిరి వెలిసిపోయిన గుడ్డలా అడ్డుపడుతుంది, లేదా అసలు కనపడదు. అదే దీపం ఆవిరికి అవతల, కాస్త పక్కగా ఉండి, ఆ వెనక చీకటి ఉంటే ప్రతి పొరా విడివిడిగా వెలుగుతుంది. అన్నం గిన్నె మూత తీసినప్పుడు లేచే ఆవిరి మందంగా, తొందర లేకుండా పోతుంది. పప్పుది అడుగునుంచి బుడగ పగిలినప్పుడల్లా ఒక్కో పాయగా వస్తుంది. చేపల పులుసుది సన్నగా లేచి గిన్నె అంచు దాటగానే గాలికి వంగుతుంది. వీటిని ఇలా పోల్చుకోగలనని ఆ అరుగు మీద కూర్చునేదాకా నాకు తెలియదు. పోపు సంగతి వేరే చెప్పాలి. ఆవాలు చిటపటలాడడం ముందు చెవికి తెలుస్తుంది. ఆ తర్వాత పిన్ని తడి ఆరని కరివేపాకు రెబ్బ దూసి వేస్తుంది. ఆకుమీది నీరు కాగిన నూనెలో పడగానే ఒక్కసారిగా ఆవిరీ నూనె తుంపరా కలిసి లేస్తాయి, తూర్పు దీపం వాటిని అందుకుంటుంది. రెండు సెకన్లు కూడా ఉండదు. ఆ రెండు సెకన్లలో గట్టు మీద బంగారు పొద నిలబడి పోతుంది. కబుర్లు చెప్పుకునేవాళ్లు కూడా ఆ క్షణంలో అటు తిరుగుతారు.

కడప బండకు నునుపు పట్టించలేదు. పట్టిస్తే తూర్పు దీపం బండ మీద జారి నేరుగా అరుగు వాళ్ల కళ్లలో కొట్టేది. గరుకు బండ వెలుగును మింగేస్తుంది, గిన్నెలు చీకటి మీద నిలబడ్డట్టుంటాయి. నున్నటి గ్రానైటు మీద మోజుపడేవాళ్లు రాత్రిపూట ఒక్కసారి ఆ బండమీద దీపం పెట్టి చూసి అప్పుడు డబ్బులు కట్టాలి.

బల్బు రంగు గురించి బాబాయికీ ఎలక్ట్రీషియన్ కుర్రాడికీ చాలా వాదన జరిగింది. తెల్లటి ట్యూబులైటు వేస్తే పట్టపగల్లా ఉంటుందని కుర్రాడి మాట. అతనిదీ తప్పనలేం, మన ఊళ్లలో వెలుగంటే తెలుపే. ట్యూబులైటు 6500 కెల్విన్లు, పాత ఫిలమెంటు బల్బు 2700 దరిదాపు, కొవ్వొత్తి 1900. అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎర్రన. కట్టెల మంట పక్కన 6500 పెడితే మంట మురికిగా కనపడుతుంది, మనుషుల మొహాలు జ్వరం వచ్చినట్టుంటాయి. పైగా రంగులను నిజంగా చూపే శక్తికి సీఆర్‌ఐ అని ఇంకో అంకె ఉంది. ఫిలమెంటుకు దాదాపు 100, బజారు ఎల్‌ఈడీకి సాధారణంగా 80. ఆ 80 లెక్క కట్టే ఎనిమిది రంగుల్లో ముదురు ఎరుపు లేనే లేదు. దాన్ని తొమ్మిదో రంగుగా విడిగా చూస్తారు, అట్టపెట్టె మీద చాలామంది వేయరు. అందుకే మంచి మార్కులున్న బల్బు కింద కూడా ఆవకాయ వెలవెలబోతుంది. చివరికి 2700 కెల్విన్ల, 90 దాటిన సీఆర్‌ఐ ఉన్న బల్బులు కాకినాడ నుంచి తెప్పించారు. గోంగూర కాడల ఎరుపు మళ్లీ కనపడింది.

ఈ పచ్చని వెలుగుకు ఇంకో లాభం ఉంది, అది తొలకరికి తెలుస్తుంది. మొదటి వాన పడ్డ సాయంత్రం ఉసిళ్లు లేస్తాయి. పురుగులను ఎక్కువగా లాగేది నీలివైపు వెలుగు. అవి దీపానికి ఎందుకు మూగుతాయో 2024లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చక్కగా చూపించింది. ఎగిరే పురుగు తన వీపును వెలుగు వైపు ఉంచుకుంటుంది; ఆకాశమే వెలుగైనన్నాళ్లూ అది తలకిందులు కాకుండా ఉండడానికి పనికొచ్చే అలవాటు. పక్కన దీపం వెలిగితే వీపు అటు తిప్పి, అక్కడక్కడే గింగిరాలు కొడుతుంది. పిన్ని ఉసిళ్ల రోజుల్లో దూరంగా బావి దగ్గర ఒక తెల్ల బల్బు వెలిగించి కింద నీళ్ల బేసిను పెడుతుంది. వీపు తిప్పేవన్నీ అటు పోతాయి. ఒకటీ అరా పప్పులో పడితే తీసి పారేస్తుంది, మనం చూడనట్టుండాలి.

గాడిపొయ్యి చూసినవాళ్లకు ఈ వెలుగుల లెక్క కొత్తేం కాదు. పెళ్లిళ్లకు పెరట్లో పొడుగాటి గాడి తవ్వి, దాని మీద వరసగా గుండిగలెక్కించి వండే రోజుల్లో వెలుగంటే పెట్రోమాక్సు లైటే. వెలిగించడమే ఒక తంతు. స్పిరిటు పోసి వేడెక్కించి, పంపు కొట్టి, మాంటిల్ భగ్గుమని అందుకుని, తర్వాత బుస్సుమనే శబ్దం రాత్రంతా. దాని కిరసనాయిల్ ట్యాంకు మాంటిల్ కిందే ఉంటుంది కనక లైటు అడుగున నేలమీద ఒక గుండ్రటి నీడ పడుతుంది. దీపం కింద చీకటి అనే సామెతకు ఇంతకంటే సాక్ష్యం లేదు. వంటవాళ్లకు ఆ నీడ వ్యాసం ఎంతో చూపులోనే తెలిసేది. గుండిగ మీద ఎప్పుడూ వేలాడదీసేవాళ్లు కాదు, నాలుగడుగుల ఎడంగా రాటకు కట్టేవాళ్లు. ఒకే దీపం కనక వెలుగు ఒక్క పక్కే పడేది, గంగాళాలకు ఒకవైపు వెండి అంచు, రెండోవైపు మసి. బూరెలు మూకుట్లో తిరిగినప్పుడు వెలుగు పక్కకు వచ్చిన ముఖం ఎర్రబడిందో లేదో ఇట్టే తెలిసిపోయేది. ఇప్పుడు హాలోజన్ దీపాలు నాలుగు దిక్కులా పెట్టి నీడలన్నీ చెరిపేశారు. బూరె అన్ని పక్కలా ఒకేలా కనపడితే వంటవాడు వాసన మీద ఆధారపడాల్సిందే.

కూర్చోవడం దగ్గరికి వద్దాం. పాత వంటింట్లో పొయ్యి నేలమీద, వండే మనిషి పీటమీద, తినేవాళ్లూ పీటలమీద. అందరి కళ్లూ ఒకే ఎత్తులో ఉండేవి. గట్టు వచ్చి వంటను రెండున్నర మూడడుగులు పైకెత్తింది. వండే మనిషి లేచి నిలబడింది, కూర్చున్నవాళ్లు కిందే ఉండిపోయారు. మామూలు కుర్చీలో కూర్చుంటే మనకు కనపడేది గిన్నె అడుగు మసీ, వండేవాళ్ల మోచెయ్యీ. ఈ తేడాను పూడ్చడానికే పాశ్చాత్య దేశాల వాళ్లు 42 అంగుళాల బల్ల, 30 అంగుళాల బారు స్టూలు తయారుచేశారు, లెక్క కుదిరింది కూడా. కానీ ఆ స్టూలు మీద కాళ్లు వేలాడేసుకుని ఎంతసేపు కూర్చుంటారు? కాఫీ అయ్యేదాకా బాగుంటుంది, పులుసు మరిగేదాకా కూర్చోలేరు. మనవాళ్లకు బాసింపట్టు వేస్తే తప్ప కబుర్లు సాగవు.

రెండడుగుల అరుగు ఈ చిక్కును ఎవరూ అనుకోకుండా విప్పేసింది. దాని మీద బాసింపట్టు వేసుకుంటే మన కళ్లు నేలనుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున ఉంటాయి. ఐదడుగుల పిన్ని గట్టు దగ్గర నిలబడితే ఆమె కళ్లూ ఇంచుమించు అక్కడే. వరద భయంతో కట్టిన ఎత్తు చూపుల మట్టం సరిచేసింది. ఆమె తల తిప్పితే మన మొహం ఎదురుగా ఉంటుంది, కిందకి చూడక్కర్లేదు. కాళ్లు మడవలేని పెద్దవాళ్లకు అరుగు అంచు ఉంది. బాబాయికి ఒక మూలన నవారు మంచం ఉంది, ఆయన అక్కణ్ణుంచే ఉప్పు సరిపోలేదని ప్రకటిస్తారు. అరుగు అంచున వరసగా పేర్చిన ప్లాస్టిక్ కుర్చీల గురించి మాత్రం నేనేమీ చెప్పను.

హైదరాబాదులో రంజాను నెల హలీం భట్టీలు ఈ సూత్రాన్ని తలకిందులు చేస్తాయి, అదీ ఒక అందమే. ఇటుకా మట్టీ కట్టిన భట్టీ పక్కన వంటవాళ్లు ఎత్తున నిలబడి కర్ర ఘోట్నీలతో దంచుతుంటారు, తినేవాళ్లు కింద నిలబడి తింటారు. కూర్చునే ఏర్పాటు లేకపోవడమే అక్కడి ఏర్పాటు. గిన్నెడు హలీముకు నాలుగు నిమిషాలు చాలు, వెనక జనం ఆగి ఉన్నారు. అక్కడ తెల్ల లైట్లే ఉండాలి, అది బజారు. డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు చేపల వేపుడు వాసన ఇల్లెక్కకుండా వెనక పెరట్లో పొయ్యి పెట్టుకుంటున్నారు, 12 వోల్టుల దీపాలూ పరుస్తున్నారు. దీపాలు బాగానే ఉంటాయి, దడి పొడుగునా సమదూరంలో వెలుగుతాయి. వండే చోట మాత్రం సెల్‌ఫోను టార్చి పట్టుకుని నిలబడే మనిషి ఒకరు ఎప్పుడూ ఉంటారు.

అరుగు తూర్పుకు చూస్తుంది కనక పౌర్ణమినాడు పొద్దు గుంకే వేళకే చంద్రుడు వంటగట్టు వెనక కొబ్బరి మొవ్వుల్లోంచి లేస్తాడు. పౌర్ణమి వెన్నెలంటే నేలమీద పావు లక్సు అటూ ఇటూ; ఆఫీసు బల్ల మీది వెలుగులో వెయ్యో వంతు కూడా కాదు. దాన్ని అందుకోవడానికి కంటికి ఇరవై ముప్పై నిమిషాల చీకటి కావాలి. వంటయ్యాక పిన్ని రెండు దీపాలూ తీసేస్తుంది, పొయ్యిలో కొబ్బరి డొక్కల నిప్పులు ఎర్రగా ఉంటాయి. ఆ ముదురెరుపు కంటి చీకటి అలవాటును పెద్దగా చెడగొట్టదు. నెమ్మదిగా పెరడు తిరిగి వస్తుంది. బావి గట్టు, దడి, అరటి ఆకుల అంచులు, రంగు లేకుండా ఆకారాలన్నీ తేలతాయి. పెరుగన్నం ఆ వెలుగులో తినాలి. తెల్లటి వంటకానికి వెన్నెల చాలు.

పులసకు చాలదు. శ్రావణంలో గోదావరి ఎర్రనీటికి ఎదురెక్కే చేప అది, రుచికి తగ్గట్టే ముళ్లూనూ. ముందురోజు మట్టికుండలో పెట్టి ఉంచిన పులుసును మర్నాటి రాత్రి అరుగు మీద వడ్డించింది పిన్ని. మబ్బు విడిచి నిండు చంద్రుడు కనపడుతున్నాడని దీపం తీసెయ్యమన్నాను.

"నీకేంరా, వెన్నెలంటావు. గొంతులో ముల్లు దిగితే ఈ రాత్రేళ నిన్ను అమలాపురం ఎవరు తీసుకెళ్తారు?" అంది.

బాబాయి మంచం దిగి వచ్చి మూడో దీపం సంగతి చూపించారు. దూలం నుంచి కప్పీ మీద వేలాడే చిన్న బల్బు, రేకు టోపీ ఉన్నది. తాడు లాగితే ఆకుకు రెండడుగుల ఎత్తుకు దిగుతుంది. దాన్ని నడిమికి తేలేదు, ఆకు కొస వైపు, ఎడమగా పెట్టారు. నిట్టనిలువుగా పడే వెలుగులో ముల్లు పులుసులో కలిసిపోతుందట; పక్కవాటుగా పడితే ప్రతి ముల్లుకూ ఒక మెరుపు గీతా, దాని వెంట ఒక నీడ గీతా వస్తాయి. ముక్క విప్పి చూశాను. వెంట్రుకంత ముళ్లు, రెండుగా చీలినవి కూడా, లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉన్నాయి. "పైవి తీసెయ్, కింద ఇంకో వరస ఉంటుంది" అని ఆయన తన ఆకు ముందుకు వెళ్లి కూర్చున్నారు.